మహారాజశ్రీ సీజన్ షెడ్యూల్ గారికి

మహారాజశ్రీ మహిళల టాకిల్ ఫుట్‌బాల్ (కాలితో తన్నేది కాదు, ఒంటికి ప్యాడ్లు కట్టుకుని అవతలి మనిషిని పట్టి పడేసే అమెరికన్ ఫుట్‌బాల్) సీజన్ షెడ్యూల్ గారి సముఖమునకు, టెక్సాస్ నుంచి 91వ నంబరు జెర్సీ కన్నతల్లి నమస్కరించి వ్రాయునది ఏమనగా...

ఇక్కడ మేము క్షేమం. తమరు క్షేమంగానే ఉన్నారని వెబ్‌సైటు చూస్తే తెలుస్తూనే ఉంది. నిన్న శనివారం రాత్రి ఏడింటికి జరగాల్సిన ఆట జరగలేదు. అయినా తమరి ముఖంలో కళ ఏమీ తగ్గలేదు. పైగా మా జట్టు పేరు పక్కన ‘గెలుపు’ అని ఆకుపచ్చ రంగులో మెరుస్తోంది. నాణెం ఎగరలేదు, బంతి లేవలేదు, రిఫరీ ఈల నోట పెట్టలేదు. అయినా గెలిచామట! గెలుపు ఇంత సులువైతే జనవరి చలిలో పిల్లల చేత ఆ పరుగులన్నీ ఎందుకు తీయించినట్టు?

శుక్రవారం రాత్రి పదకొండు దాటాక కబురు వచ్చింది, అవతలి జట్టు రావడం లేదని. అప్పటికి నలభై మందికి సరిపడా పులిహోర కలిపి మూత పెట్టాను. ఆట అయ్యాక రెండు జట్ల పిల్లలకూ తిండి చూసే వంతు ఈసారి నాది. మా అమ్మాయి ఆస్పత్రిలో రెండు రాత్రి డ్యూటీలు ఎవరికో అంటగట్టి, బదులుగా పండగ రోజున పని చేస్తానని మాట ఇచ్చి వచ్చింది. తెనాలిలో మా అమ్మ ఆదివారం తెల్లవారుజామున ఐదున్నరకు అలారం పెట్టుకుంది, ఫోనులో మనవరాలి ఆట చూడాలని. ఆమెకు నియమాలేవీ తెలియవు. మన పిల్ల అవతలి పిల్లను పడేస్తే మంచిదని మాత్రం తెలుసు. ఆట లేదని చెబితే, “వానా?” అని అడిగింది. జీవితమంతా క్రికెట్ చూసిన మనిషి. వాన పడితే తప్ప ఆట ఆగదని ఆమె నమ్మకం.

వాన కాదమ్మా, అవతల మనుషులు చాలలేదు అన్నాను. “మనుషులు చాలకపోతే మరి ముందే అచ్చు ఎందుకు వేశారు?” అంది. ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అందుకే తమరికి రాస్తున్నాను.

ఆ జట్టు మీద నాకు కోపం లేదని ముందే మనవి చేసుకుంటున్నాను. వాళ్ల సంగతి మా అమ్మాయి ద్వారా తెలిసింది. కాగితం మీద ముప్పై పైచిలుకు పేర్లున్నాయి. ఒకరికి మోకాలు పోయింది, ఒకరికి భుజం జారింది, నర్సులకు డ్యూటీలు మారలేదు, పోలీసు ఉద్యోగం చేసే ఆమెకు సెలవు దొరకలేదు. చివరికి బస్సు ఎక్కగలిగినవాళ్లు పధ్నాలుగు మంది. ఈ ఆటలో దాడికి పదకొండు మంది, రక్షణకు వేరే పదకొండు మంది ఉండాలి. పధ్నాలుగు మందితో వస్తే, బంతి మనదైనా వాళ్లదైనా అవే ఒళ్లు మళ్లీ మళ్లీ ఢీకొట్టుకోవాలి. మూడో క్వార్టరు వచ్చేసరికి ఎవరో ఒకరిని స్ట్రెచర్ మీద మోయాల్సి వస్తుంది. రావద్దని వాళ్ల కోచ్ నిర్ణయించింది. నేను కోచ్‌నైనా అదే చేసేదాన్ని.

మా వైపు లెక్క వేరు. హైస్కూలు స్టేడియం అద్దె ముందే కట్టేశారు. రిఫరీలకు, గడియారం తిప్పే మనిషికి, అంబులెన్సుకు మాట ఇచ్చేశారు. టికెట్లు కొన్నవాళ్లకు డబ్బు తిరిగి ఇవ్వాలి. తమరు ఇచ్చిన ఆకుపచ్చ గెలుపును ఆ స్కూలు వాళ్లు అద్దె కింద జమ కట్టుకుంటారేమో కనుక్కుని చెప్పగలరు.

సరే, డబ్బు సంగతి వదిలేద్దాం. నా గొడవ అది కాదు.

తమరి దృష్టిలో ఆట అంటే ఒక గడి. గడిలో ఏదో ఒకటి నింపితే తమరి పని అయిపోతుంది. మా అమ్మాయి జట్టుకు ఏప్రిల్ నుంచి తమరు ఇచ్చినవి ఆరే గడులు. అంటే ఏడాదికి ఆరు ఆటలు. ప్లేఆఫ్‌లకు వెళ్తే ఇంకొకటో రెండో, అదీ అదృష్టం ఉంటే. ఈ రాష్ట్రంలో మగపిల్లవాడు ఏడేళ్లకే భుజాలకు ప్యాడ్లు కట్టుకుంటాడు. హైస్కూలుకు వచ్చేసరికి శుక్రవారం రాత్రి ఊరు ఊరంతా దుకాణాలు మూసి అతని ఆటకు వస్తుంది. ఆ తర్వాత కాలేజీ. మరీ దిట్టమైనవాడైతే ఎన్ఎఫ్ఎల్, అంటే జీతాలిచ్చి ఆడించే మగవాళ్ల పెద్ద లీగు. అక్కడ 2021 నుంచి ఏడాదికి 17 ఆటలు. మా అమ్మాయి స్కూల్లో ఉన్నప్పుడు ఆడపిల్లలకు టాకిల్ జట్టు లేదు. నాలుగేళ్లు అదే మైదానం అంచున బ్యాండులో నిలబడి, మగపిల్లలు టచ్‌డౌన్ చేసినప్పుడల్లా క్లారినెట్ వాయించింది. బాగానే వాయించింది. తలకు మొదటిసారి హెల్మెట్ పెట్టుకున్నది ఇరవై మూడేళ్లకు. మోకాళ్లు సహకరించి పదేళ్లు ఆడినా మొత్తం అరవై ఆటలు. ఎన్ఎఫ్ఎల్ కుర్రవాడు వాటిని నాలుగో సీజన్ సగంలోనే దాటేస్తాడు.

ఆ అరవైలోంచి నిన్న ఒకటి పోయింది. తీసుకున్నది తమరు. తీసుకుని, బదులుగా గెలుపు ఇచ్చారు. వాయిదా అయినా కాదు. వాయిదా అయితే ఎప్పుడో ఒకప్పుడు ఆడతారు. జూన్‌లో ఇంకో శనివారం ఖాళీగానే ఉంది, నేను చూశాను. అందులో ‘విశ్రాంతి వారం’ అని రాసి ఉంది. ఆరు ఆటల సీజన్‌లో ఎవరికి విశ్రాంతి అండీ? తమరికా?

నిన్న ఉదయం ఎవరో మా అమ్మాయికి అభినందనల సందేశం పంపారు. ఆమె ఫోను బోర్లా పెట్టి, జెర్సీ మడతపెట్టి, ఒంటరిగా పార్కుకు వెళ్లి పరుగెత్తి వచ్చింది. వారమంతా అవతలి జట్టులో ఎడమ వైపు అడ్డుగా నిలబడే ఆటగత్తె (ఆ స్థానాన్నీ టాకిల్ అనే అంటారు) కాళ్ల కదలికను వీడియోలో చూసి చూసి, ఆ పిల్ల ఏ కాలు ముందు వేస్తే ఎటు తప్పించుకుని, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను పట్టుకోవాలో రాసుకుంది. నోటుపుస్తకం నిండా బాణాల గుర్తులే. ఆ బాణాలన్నింటికీ తమరి దగ్గర ఏ గడి ఉంది?

తమరి వంశం గొప్పదని విన్నాను. 1974లో జాతీయ మహిళల ఫుట్‌బాల్ లీగు పుట్టినప్పటి నుంచీ ఇదే వరస. ఆ రోజుల్లో టొలీడో ట్రూపర్స్ అనే జట్టు ఉండేది. వాళ్ల రన్నింగ్ బ్యాక్, అంటే బంతి పట్టుకుని పరుగెత్తే లిండా జెఫర్సన్‌ను 1975లో ఒక మహిళా క్రీడా పత్రిక ఆ ఏటి మేటి క్రీడాకారిణిగా ఎంచింది. అలాంటి మనిషి ఆడిన జట్టు కూడా ఆ దశాబ్దం దాటి బతకలేదు. 2000 ప్రాంతంలో మళ్లీ కొత్త లీగులు, మళ్లీ కొత్త షెడ్యూళ్లు. వాటిలో కొన్ని పోయాయి. 2009లో వచ్చిన ఉమెన్స్ ఫుట్‌బాల్ అలయన్స్ నిలబడింది. 2019లో ఉమెన్స్ నేషనల్ ఫుట్‌బాల్ కాన్ఫరెన్స్ తొలి సీజన్ ఆడింది. రెండు లీగులు ఉంటే రెట్టింపు ఆటలని మనం అమాయకంగా అనుకుంటాం. జరిగేది వేరు. ఒకే ఊరి చుట్టుపక్కల జట్లు చెరో లీగులో ఉంటే, ఒకదానితో ఒకటి ఆడవు. ఇరవై మైళ్ల దూరంలో ఉన్న అమ్మాయిలను వదిలేసి, ఏడెనిమిది గంటలు బస్సులో కూర్చుని పక్క రాష్ట్రానికి వెళ్తారు. బస్సుకు డబ్బు లేక ఆట ఎగ్గొట్టిన జట్టు ఓడినట్టు తమరు రాసుకుంటారు. ఇరవై మైళ్ల దూరంలో ఉన్న జట్టు అదే శనివారం ఖాళీగా కూర్చుని ఉండవచ్చు. దీన్ని కనిపెట్టడానికి గణిత శాస్త్రజ్ఞులు అక్కరలేదు, పెళ్లి పనులకు బస్సులు మాట్లాడిన మా బాబాయి చాలు.

ఫ్రిస్కోలోని ఫోర్డ్ సెంటర్‌లో ఈ ఆట ఫైనల్ జరిగింది. అదే ఫ్రిస్కో, మన తెలుగువాళ్లు ఇళ్లు కొనుక్కున్న చోటు. ఎన్ని వీధుల్లో ఆ ముచ్చట తెలిసిందో అడగను. తెలియనివ్వని ఘనత కూడా తమరిదే, ఆట ఎప్పుడో ఎక్కడో చివరి వారం దాకా ఖాయం చేయరు కదా.

ఇక ఆటగత్తెల జీతాల విషయం. జీతం అన్నానా? క్షమించాలి. ఆడినందుకు వాళ్లకు ఎవరూ ఇవ్వరు. ఆడడానికి వాళ్లే కడతారు. ఫీజు, ప్యాడ్లు, హెల్మెట్, దారి ఖర్చు అన్నీ సొంతం. డాలస్ డైమండ్స్ అనే మహిళల జట్టుకు ఆడిన జెన్ వెల్టర్ ఒక సీజన్‌కు అందుకున్న చెక్కు 12 డాలర్లు, ఆటకు ఒక డాలరు చొప్పున. 2015లో ఆమే అరిజోనా కార్డినల్స్ శిక్షణ బృందంలో చేరి, ఎన్ఎఫ్ఎల్‌లో మగవాళ్లకు ఆట నేర్పింది. 2024లో ఆ ఎన్ఎఫ్ఎల్‌లో అడుగుపెట్టిన కొత్త కుర్రవాడి కనీస వేతనం 7,95,000 డాలర్లు. నేర్పిన చేతికి, నేర్చుకున్న చేతికి మధ్య ఉన్న తేడా అది. అప్పుడప్పుడు పెద్దలు కరుణిస్తారు, నిజమే. 2021లో ఎన్ఎఫ్ఎల్ జట్టు న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ యజమాని రాబర్ట్ క్రాఫ్ట్ తన జట్టు విమానంలో బోస్టన్ రెనిగేడ్స్ అమ్మాయిలను ఫైనల్ ఆడడానికి ఒహాయోలోని క్యాంటన్‌కు పంపించాడు. మంచి పని. దేశమంతా వార్త అయింది. ఛాంపియన్ జట్టు ఆటకు విమానంలో వెళ్లడం వార్త కావడమేమిటి, చెప్పండి?

అన్నట్టు, 2023 అక్టోబరులో ముంబయిలో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం కూర్చుని 2028 లాస్ ఏంజెలెస్ క్రీడల్లోకి క్రికెట్‌ను, ఫ్లాగ్ ఫుట్‌బాల్‌ను కలిపి తీసుకుంది. మన చుట్టాలందరూ క్రికెట్ కోసం చప్పట్లు కొట్టారు. “మీ అమ్మాయి ఆట కూడా వచ్చిందట కదా” అని ఒకరు ఫోను చేశారు. అది నడుముకు కట్టిన గుడ్డ పీకే ఆట అండీ, మా అమ్మాయి మనిషినే పడేస్తుంది అన్నాను. అటువైపు చాలాసేపు ఏమీ వినబడలేదు. ఆ ఫ్లాగ్ మీద నాకు అసూయ లేదు, పిల్లలు బాగుండాలి. కానీ ఆడవాళ్ల ఫుట్‌బాల్ అనగానే డబ్బున్న పెద్దలందరికీ ఒళ్లు తగలని ఆటే గుర్తొస్తోంది. అంతకు ముందు గుర్తొచ్చింది ఇంకా ఘోరం. 2009లో ఆడవాళ్లను లోదుస్తుల్లో ఆడించే లీగు మొదలైతే దానికి వెంటనే టీవీ దొరికింది. ఒంటి నిండా ప్యాడ్లు వేసుకున్నవాళ్లకు ఒక కెమెరా, అది పట్టుకున్న ఎవరో ఆటగత్తె భర్త. బంతి ఎడమకు పోతే ఆయన కుడికి తిప్పుతాడు. పాపం, ఆయనకూ జీతం లేదు.

ఇప్పటిదాకా ‘తమరు’ అంటూ రాశాను. ఇక నా వల్ల కాదు.

నువ్వు ఎవరివి, ఒక ఆటను లేకుండా చేసి దానికి గెలుపు అని పేరు పెట్టడానికి? జనవరిలో అచ్చయ్యావు. అప్పుడే ఈ అమ్మాయిల దగ్గర ఫీజు వసూలయింది. నీ గడులు చూసుకునే వాళ్లు సెలవులు అడుక్కున్నారు, పిల్లలను ఎవరి దగ్గరో వదిలే ఏర్పాట్లు చేసుకున్నారు, పరీక్షలు ముందే రాశారు. నీ అడుగున చీమ తలకాయంత అక్షరాలతో ‘మార్పులకు లోబడి’ అని ఒక ముక్క. వాళ్ల మోకాళ్లు మార్పులకు లోబడి ఉన్నాయా? వయసు వాయిదా పడుతుందా? జట్టు రాలేకపోతే రాలేదని రాయి. ‘ఆట లేదు’ అని నల్ల అక్షరాల్లో రాయి. రెండు జట్లూ ఆడాలనుకున్నాయని, ఆడించడం ఎవరికీ చేతకాలేదని రాయి. దానికి రంగు పూసి మా పిల్ల పేరు పక్కన పెట్టకు. ఆమె ఒక్కరినీ పడేయలేదు నిన్న. పడేయకుండా గెలవడం ఆమెకు అవమానం. ఆ మాట ఆమె నాతో అనలేదు, వంటింట్లో గిన్నెలు తోమిన తీరులో వినబడింది.

నిన్ను చింపి పారేద్దామంటే నువ్వు కాగితం కూడా కావు. పైగా, నిజం చెప్పాలి కదా, నువ్వు తప్ప మాకు ఇంకొకరు లేరు. మిన్నెసోటా విక్సెన్ అనే జట్టు 1999 నుంచి ఆపకుండా ఆడుతోంది. నీలాంటి షెడ్యూళ్లతోనే, ఎన్నో లీగులు చచ్చిపోతుంటే చూస్తూ. 2022లో వాళ్లే క్యాంటన్‌లో బోస్టన్‌తో ఫైనల్ ఆడితే ఈఎస్‌పీఎన్2 టీవీ ఛానల్‌లో వచ్చింది. ఓడిపోయారు. కానీ ఆడి ఓడిపోయారు. ఆ తేడా నీకు తెలియదు, వాళ్లకు తెలుసు.

వచ్చే శనివారం గడిలో ‘బయటి ఆట, సాయంత్రం 6’ అని ఉంది. ఆరు అంటే ఎవరి గడియారంలో ఆరు, మాదా వాళ్లదా, అదైనా సరిగ్గా రాయి. అవతల మనుషులు ఎంతమంది ఉన్నారో బుధవారం లోపు కనుక్కో. చాలకపోతే ఇరవై మైళ్ల దూరంలో ఉన్న జట్టుకు ఫోను చెయ్యి, ఏ లీగు అని అడగకు. జూన్‌లో ఆ విశ్రాంతి వారం తీసేసి నిన్నటి ఆట అక్కడ పెట్టు. స్టేడియం అద్దె సంగతి నేను ఆ స్కూలు వాళ్లతో మాట్లాడతాను. మాట్లాడడం నాకు బాగా వచ్చని నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

ఇట్లు,
91వ నంబరు జెర్సీ తల్లి

తా.క.: మా అమ్మ మళ్లీ అలారం పెట్టుకోవాలా వద్దా, ఒక్క మాట చెప్పగలవు.