ఎర్ర టోపీ పెడితే సరి

డిసెంబరు వచ్చిందంటే అమెరికా టీవీలో అనాథ అనేవాడు మిగలడు. ఆ మాటకొస్తే డిసెంబరు దాకా ఆగడం కూడా లేదు. అక్టోబరు ఇంకా గడవకుండానే హాల్‌మార్క్ ఛానల్ క్రిస్మస్ సినిమాలు మొదలుపెట్టేస్తుంది, ఏటా పదుల కొద్దీ కొత్తవి. నగరంలో పెద్ద ఉద్యోగం చేసే అమ్మాయి సొంతూరికి వస్తుంది, గళ్ల చొక్కా అబ్బాయి కనిపిస్తాడు, మంచు కురుస్తుంది, ముద్దు, శుభం. ఇందులో తెల్లమొహాలు తప్ప వేరేవి కనిపించవేమని కొన్నేళ్లుగా జనం అడుగుతున్నారు. నిర్మాతలు ఆలోచించారు. హీరో హీరోయిన్ల జోలికి పోకుండా సమస్య తీరాలి. దొరికింది ఉపాయం: వాళ్ల చేతికి వేరే రంగు బిడ్డను దత్తతగా అందిస్తే సరి.

ఈ సినిమాలను చులకన చేసేవాళ్లంటే నాకు పడదు. వాటి సామర్థ్యం వాళ్లకు అర్థం కాలేదు. తెల్ల ఇళ్లలో నల్లపిల్లలను పెంచడం తగదని అక్కడి నల్లజాతి సామాజిక కార్యకర్తల జాతీయ సంఘం 1972లోనే ప్రకటన చేసింది. ఆ పిల్లలు ఎటూ కాకుండా పోతారన్నది వాళ్ల భయం. ఆ తర్వాత 1994లో చట్టం, 1996లో దానికి సవరణ వచ్చాయి: ప్రభుత్వ నిధులు తీసుకునే ఏజెన్సీలు రంగును సాకుగా చూపి దత్తతను ఆపకూడదు, ఆలస్యం చేయకూడదు. వాదన మాత్రం నేటికీ తెగలేదు. క్రిస్మస్ సినిమా దాన్ని గంటన్నరలో తెంచేస్తుంది. ఇంటిల్లిపాదికీ ఒకే రకం స్వెట్టరు. జింక బొమ్మ అందరి గుండెల మీదా ఒకేలా ఉన్నాక, లోపల చర్మం ఏ రంగైతే ఏమిటి?

జుట్టు సంగతి చూడండి. నల్లపిల్లలను పెంచే తెల్ల తల్లిదండ్రులకు మొదట తగిలే పరీక్ష ఇదే. ఆ ఉంగరాల జుట్టుకు రోజూ షాంపూ పనికిరాదు, పొడిగా ఉన్నప్పుడు దువ్వితే తెగిపోతుంది, నూనె కావాలి, జడలు అల్లడానికి గంటలు పడుతుంది. అల్లడం రానివాళ్లు వచ్చినవాళ్ల గుమ్మం తొక్కాలి. అంటే నల్లవాళ్లుండే పేటకు వెళ్లి, సెలూన్‌లో వరసలో కూర్చుని, అక్కడి ఆడవాళ్ల చేత నాలుగు మాటలు పడాలి. అసలు సినిమా అంతా అక్కడే ఉందని నాకనిపిస్తుంది, కానీ అక్కడ మంచు కురవదు కదా. అందుకని పిల్లకు మొదటి సీన్‌లోనే ఎర్ర ఊలు టోపీ పెడతారు. చివరి సీన్ దాకా తీయరు. డిసెంబరులోనే ఈ కథలన్నీ ఎందుకు జరుగుతాయో ఇప్పుడు తెలిసిందా? జులైలో అయితే ఆ తల్లి బండారం బయటపడుతుంది.

చర్చిలో పిల్లల నాటకం కూడా తప్పదు. బేత్లెహేములో పుట్టిన బాలయేసు పాత్రకు నీలికళ్ల బొమ్మను తెస్తారు. దత్తత పిల్లాడికి ముగ్గురు జ్ఞానుల్లో ఒకడి వేషం ఇస్తారు. ఇందులో వివక్ష ఏమీ లేదు, సంప్రదాయమే. ఆ ముగ్గురిలో బల్తజారును నల్లవాడిగా చిత్రించడం ఐరోపా చిత్రకారులకు 15వ శతాబ్దం నుంచీ అలవాటు. ఐదు వందల ఏళ్లుగా ఖాళీగా ఉంచిన సీటు మీవాడికి దొరికితే సంతోషించాలి గానీ సణగకూడదు.

ఇక కోర్టు. నిజం అమెరికాలో దత్తత అంటే ఇంటి తనిఖీలు, బోలెడన్ని కాగితాలు, బిడ్డ ఇంటికొచ్చాక కూడా నెలల తరబడి పర్యవేక్షణ. సినిమా అమెరికాలో డిసెంబరు 24 సాయంత్రం దాకా జడ్జిగారు కోర్టులోనే కూర్చుని ఉంటారు, తెల్లగడ్డంతో, ఈ ఒక్క కేసు కోసం. సంతకం పెట్టి కన్ను కొడతారు. ఫీజు సంగతి ఎవరూ ఎత్తరు. ఎత్తితే ఇబ్బంది: కొన్ని ఏజెన్సీలు నల్లబిడ్డ దత్తతకు తెల్లబిడ్డ కంటే తక్కువ ఫీజు తీసుకుంటున్నాయని 2013లో అక్కడి ప్రజా రేడియో ఎన్‌పీఆర్ బయటపెట్టింది. అది పండగ డిస్కౌంటు కాదు, ఏడాది పొడవునా ఉండే రేటు.

ఈ రకంలో నిజాయతీ గల సినిమా ఒక్కటే ఉంది, 2003లో వచ్చిన ‘ఎల్ఫ్’. అనాథాశ్రమంలో ఒక పసివాడు శాంటా సంచిలోకి పాకి ఉత్తర ధ్రువం చేరతాడు, శాంటాకు బొమ్మలు చేసిపెట్టే మరుగుజ్జు ఎల్ఫ్‌లు పెంచుతారు. వాడికి కుర్చీ చాలదు, మంచం చాలదు, తల పైకప్పుకు తగులుతుంది. బొమ్మలు చేయడంలో అందరికంటే వెనకబడతాడు. నువ్వు మాలో ఒకడివేనని అందరూ ప్రేమగా అంటూనే ఉంటారు, అందరికీ తెలిసిన నిజాన్ని వాడు మాత్రం చాటుగా వింటాడు. వేరే జాతి ఇంట్లో పెరిగినవాళ్లు పెద్దయ్యాక చెప్పుకునే కష్టాలన్నీ ఇందులో ఉన్నాయి. కాకపోతే దత్తత పిల్లవాడేమో తెల్లవాడు, పెంచినవాళ్లేమో కల్పిత జాతి. జాతి గురించి నిజం మాట్లాడాలంటే ముందు లోకంలో లేని జాతిని పుట్టించాలన్నమాట. ఇందులోనూ తల్లి చనిపోయిందని ఒక్క ముక్కలో తేల్చేశారు, అది వేరే సంగతి.

నిజ జీవితం నుంచి కథ తీసుకుంటే ఏమవుతుందో కూడా చూశాం. 2009 నాటి ‘ది బ్లైండ్ సైడ్’ క్రిస్మస్ సినిమా కాదు గానీ, దాని గుండెకాయ థాంక్స్‌గివింగ్ పండగ భోజనమే. ఇంటివాళ్లంతా టీవీలో ఫుట్‌బాల్ చూస్తూ తింటుంటే, నిలువ నీడ లేని నల్ల కుర్రాడు మైకేల్ ఓర్ డైనింగ్ టేబుల్ దగ్గర ఒంటరిగా కూర్చుంటాడు. అమ్మగారు టీవీ కట్టేసి అందరినీ అక్కడికి లాక్కొస్తుంది. ప్రేక్షకులు ఏడ్చారు, ఆ అమ్మగారి వేషం వేసిన శాండ్రా బుల్లక్‌కు ఆస్కార్ వచ్చింది. 2023 ఆగస్టులో ఆ మైకేల్ ఓరే టెనెసీ కోర్టుకెక్కాడు. 2004లో తనకు 18 ఏళ్లప్పుడు దత్తత అని నమ్మి పెట్టిన సంతకం నిజానికి కన్సర్వేటర్‌షిప్‌కు, అంటే తన తరఫున ఒప్పందాలు చేసే అధికారాన్ని ఆ ఇంటివాళ్లకు ఇవ్వడానికి అన్నది అతని ఫిర్యాదు. తాము అతని మీద సంపాదించుకోలేదని ఆ కుటుంబం అంది. అసలు దత్తతే జరగలేదన్నది మాత్రం కాగితాల్లోనే ఉంది. నెలన్నర తిరిగేసరికి జడ్జి ఆ కన్సర్వేటర్‌షిప్‌ను ఎత్తేశారు. ఆ జడ్జి ఎవరికీ కన్ను కొట్టినట్టు వార్త లేదు.

అందుకే పిల్లకు ఆరేళ్లు దాటనివ్వకూడదని పరిశ్రమలో తెలివైనవాళ్లు గ్రహించారు. పెరిగితే ప్రశ్నలు అడుగుతారు. కొరియా యుద్ధం నాటి నుంచి దాదాపు రెండు లక్షల మంది కొరియా పిల్లలు పరాయి దేశాలకు, ఎక్కువగా అమెరికాకు దత్తత వెళ్లారు. వాళ్లు పెద్దవాళ్లై తమ ఫైళ్లు తెరిపించారు. ఆ దత్తతల్లో మానవ హక్కుల ఉల్లంఘనలు జరిగాయని 2025 మార్చిలో దక్షిణ కొరియా సత్యశోధన కమిషనే ఒప్పుకుంది. ఇంకో చిక్కు: దత్తత పిల్లలకు దానంతటదే పౌరసత్వం ఇచ్చే అమెరికా చట్టం 2000లో వచ్చింది, అది కూడా అమల్లోకి వచ్చేనాటికి 18 నిండనివాళ్లకే. తల్లిదండ్రులు కాగితాలు పెట్టడం మరిచిపోయిన పాపానికి, నడివయసులో, భాష కూడా రాని కొరియాకు పంపేసిన వాళ్లున్నారు. సీక్వెల్‌కు భలే కథ. స్వెట్టరు మాత్రం అక్కడ పనికొస్తుంది, సియోల్‌లో చలి ఎక్కువ.

కన్నతల్లి పాత్ర ఈ సినిమాల్లో ఫొటోగా వస్తుంది, లేదా రాదు. ఈ విషయంలో మన పురాణాలు బొత్తిగా పనికిరావు. యశోద ఎంత ముద్దుగా పెంచినా దేవకి జైల్లో ఉందని మనవాళ్లు మరిచిపోరు. కృష్ణుడు మథురకు వెళ్లి చెర విడిపించేదాకా కథ కంచికి చేరదు. హాల్‌మార్క్ వాళ్లకిస్తే వెన్నముద్ద దగ్గరే శుభం కార్డు వేసేవారు.

అయినా మనవైపు నుంచి ఒక కథ ఇవ్వాలనే నా ఉబలాటం. 1999లో, మళ్లీ 2001లో హైదరాబాద్‌లో దత్తత కేంద్రాల మీద పోలీసులు దాడులు చేశారు. లంబాడీ తండాల ఆడపిల్లలను దళారులు కొద్దిపాటి డబ్బుకు కొని తెస్తే, విదేశీ దంపతులు వేల డాలర్లు కట్టి తీసుకెళ్తున్నారని తేలింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి ఇద్దరు ఆడపిల్లలను దత్తత తీసుకున్న అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యుడొకరు, వాళ్లను తల్లి అసలు దత్తతకే ఇవ్వలేదని తర్వాత తెలుసుకుని, దాని మీద వ్యాసాలు రాశారు. మొదటి సీన్ దేవరకొండ దగ్గర తండాలో తీయాలి. అక్కడ మంచు ఎక్కడిదంటారేమో. ఈ క్రిస్మస్ సినిమాలు చాలావరకు కెనడాలో, నడి వేసవిలో, మిషన్ మంచుతో తీసేవే. దేవరకొండకు ఒక మిషన్ తెప్పించడం పెద్ద పని కాదు. చిక్కల్లా ఆ తల్లికి కనీసం ఒక్క డైలాగైనా రాయాలి. రాస్తే ఆమె ఒక్క డైలాగుతో ఆగదు, ప్రకటనలకు టైం మిగలదు.