జనవరి ముహూర్తం, మెస్సీ యోగం

విజయనగరం ఫుట్‌బాల్‌లో వెనకబడిందని ఇకమీదట ఎవరూ అనకూడదు. మా పేట చివర వరి మడి పూడ్చి, ప్లాస్టిక్ గడ్డి పరిచి, ‘ఎలైట్’ అకాడమీ తెరిచారు. వరి పోయి గడ్డి వచ్చిందని సణిగేవాళ్లకి అభివృద్ధి గిట్టదంతే.

అప్లికేషన్‌లో కుర్రాడి ఆట గురించి రెండు గళ్లు, తండ్రి ఆదాయం గురించి ఒక పేజీ ఉంటాయి. సబబే. బంతి తన్నేది కొడుకైనా ఫీజు, బూట్లు, జెర్సీలు, ప్రొటీన్ పొడి, విశాఖ టోర్నమెంటు ఖర్చులు భరించేది తండ్రే కదా. “ఏటి బావూ, గుంటడు బంతి తన్నడానికి ఇంతవుద్దా?” అన్నాడు మా పక్కింటి తాత. పాపం, ఎలైట్ అంటే ఏమిటో ఆయనకి తెలీదు.

స్పెయిన్‌లోని బార్సిలోనా క్లబ్బు వాళ్లకీ తెలీదనుకోండి. 2000లో పదమూడేళ్ల మెస్సీని చేర్చుకుని, ఎదుగుదల హార్మోన్ వైద్యం ఖర్చు కూడా క్లబ్బే పెట్టుకుంది. పిల్లాడి మీద క్లబ్బు ఖర్చు పెట్టడమేమిటండీ, విడ్డూరం కాకపోతే! మనవాళ్లు ఆ లోపాన్ని సరిదిద్దారు.

సెలెక్షన్‌కి మాత్రం ముందుచూపు కావాలి. వయసు గ్రూపులు జనవరి 1తో లెక్క. జనవరిలో పుట్టినవాడూ డిసెంబరులో పుట్టినవాడూ ఒకే గ్రూపులో దిగుతారు. పదేళ్లప్పుడు పదకొండు నెలల తేడా తక్కువేం కాదు. పెద్దవాడి పొడుగు కోచ్ కంటికి ప్రతిభలా కనిపిస్తుంది. యూరప్ అకాడమీల్లో ఏడాది మొదట్లో పుట్టినవాళ్లే ఎక్కువని పరిశోధకులు ఎప్పుడో తేల్చారు. సిజేరియన్‌కి ముహూర్తం పెట్టించే జాతి మనది, ఈ మాత్రం చేసుకోలేమా? పుష్యం శూన్యమాసం అంటూ పంతులుగారు నసిగితే, అక్టోబరు 30న పుట్టిన మారడోనా మా అకాడమీకి వస్తే వెయిటింగ్ లిస్టులో ఉండేవాడని చెప్పండి.

సాయంత్రాలు వల బయట నాన్నలు ఫోన్లు పట్టుకుని వరసగా నిలబడతారు. “పాస్ ఇవ్వకురా, నువ్వే కొట్టు, వీడియో తీస్తున్నా!” మొన్న బంతి వల దాటి రోడ్డు మీద పడింది. పక్కన ఇల్లు కడుతున్న మేస్త్రీ కొడుకు, చెప్పుల్లేని కాలితో, ఒక్క తన్నుకి దాన్ని సరిగ్గా కోచ్ పాదాల దగ్గరికి పంపాడు. కోచ్ థాంక్స్ చెప్పి మళ్లీ కోన్ల వైపు తిరిగాడు. ఆ అబ్బాయి ఫారం నింపలేదు మరి.

డబ్బుతో జట్టులో చోటు దక్కడం మా ఊరికి కొత్త కాదు. విజయనగరం రాజకుమారుడు విజ్జీ 1936లో భారత క్రికెట్ కెప్టెన్‌గా ఇంగ్లండ్ వెళ్లి, మూడు టెస్టుల్లో కలిపి 33 పరుగులు చేశారు. బాగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ని మధ్యలోనే ఇంటికి పంపించేశారు. అప్పట్లో అందుకు సంస్థానం కావాల్సి వచ్చింది. ఇప్పుడు ఈఎంఐ చాలు.

ఇక లాభాల సంగతి. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిబంధనల ప్రకారం, ఒప్పందం మధ్యలో ఆటగాడిని వేరే క్లబ్బు కొనుక్కుంటే, ఆ సొమ్ములో 5 శాతం అతనికి 12 నుంచి 23 ఏళ్ల వయసు వరకు శిక్షణ ఇచ్చిన క్లబ్బులకి పంచాలి. తండ్రి ఊసు ఎక్కడా లేదు. తెల్లారకుండా లేచి గుడ్లు ఉడకబెట్టిన తల్లి ఊసు అసలే లేదు. అందుకే ప్రతి ఇంటినీ శిక్షణ క్లబ్బుగా గుర్తించాలని అర్జీ రాశాను. సోమవారం గ్రీవెన్సులో కలెక్టరుగారికిస్తాను. అక్కణ్ణుంచి జ్యూరిచ్‌లోని ఫిఫా ఆఫీసుకి పంపడం వారి బాధ్యత.