ఆనందబాష్పాలు

పింఛన్లు ఒకటో తారీఖున ఇస్తారని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఒకటో తారీఖు ఆదివారమైతే ముందు రోజే ఇచ్చేస్తారన్నది మాత్రం నాకు తట్టలేదు. 2025లో జూన్ 1 ఆదివారం పడింది. దాంతో మే 31, శనివారం పొద్దున్నే ఏడింటికి మా గేటు దగ్గర "పింఛనండీ!" అన్న కేక.

పింఛను నాది కాదు. మా వెనక పోర్షన్‌లో అద్దెకుంటున్న మామ్మగారిది. నాకింకా యాభై కూడా నిండలేదు. ఈ సంగతి ముందే గట్టిగా చెప్పి ఉంచుతున్నాను.

ఆ సమయానికి నేను పెరట్లో అద్దం ముందు నిలబడి మీసానికి రంగు వేసుకుంటున్నాను. ఆదివారం మా ఆవిడ చెల్లెలి కూతురికి పెళ్ళిచూపులు. "ఆ తెల్ల మీసంతో వచ్చి కూర్చున్నారంటే అవతలివాళ్ళు మిమ్మల్ని పిల్ల తాతగారనుకుంటారు" అని మా ఆవిడ ముందు రోజే తేల్చేసింది. తలకి రంగెందుకు వేసుకోలేదంటే, అక్కడ వేయడానికి పెద్దగా సరుకు లేదు. కుడివైపు మీసం అయింది. ఎడమవైపు మొదలెట్టబోతుంటే ఈ కేక. మామ్మగారు మోకాళ్ళ నొప్పులతో లేచి గేటు దాకా వచ్చేసరికి సగం పూట గడిచిపోతుందని, లుంగీ బనీనుతోనే వెళ్ళి గడియ తీశాను.

వచ్చినావిడ ఎవరనుకున్నారు? మా వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీ. అంటే, మా ఇంటి ముందు సైడు కాలువ పూడిక గురించి నేను ఎవరి కోసం తిరుగుతుంటానో సరిగ్గా ఆ అమ్మాయే. పాపం, ఆ అమ్మాయిని అనడానికి లేదు. వాలంటీర్లు లేకపోయాక పింఛన్ల పంపకం సచివాలయం వాళ్ళ నెత్తినే పడింది. ఏ సెక్రటరీ అయినా సరే, ఆ పూటకి సంచీ తగిలించుకుని ఇంటింటికీ తిరగాల్సిందే. అయినా ఇంటికొచ్చిన అధికారిని వదులుకోవడం ఎలా అని, "అమ్మా, ఆ కాలువ..." అన్నాను.

"ఈరోజు పింఛన్ డ్యూటీ సార్" అంది.

పూడిక తియ్యలేదని నేను ఎప్పుడూ అనలేదు, గమనించండి. తీశారు. తీసి కాలువ గట్టు మీదే కుప్ప పోశారు. ఓ వాన పడగానే ఆ కుప్ప బుద్ధిగా మళ్ళీ కాలువలోకి వెళ్ళిపోయింది. సోమవారం గ్రీవెన్సులో అర్జీ పెడితే, 'మీ సమస్య పరిష్కరించబడినది' అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఆ మెసేజ్ వచ్చినప్పుడు నేను ముక్కు మూసుకుని కాలువ పక్కనే నిలబడి ఉన్నాను.

సరే. మామ్మగారు వచ్చారు, వేలిముద్ర పడలేదు, ఆఖరికి ముఖం ఫొటోతో పనైంది. ఎనిమిది అయిదొందల నోట్లు ఆవిడ చేతిలో పెట్టారు. మామ్మగారికి చూపు సరిగా ఆనదు గానీ లెక్క మాత్రం తప్పదు. ఆవిడ 200 రూపాయల కాలం నుంచీ తీసుకుంటున్నారు. 2014లో 1,000, 2019 జనవరిలో 2,000, తర్వాత 2,250, 2,500, 2,750, 3,000, 2024 జులైలో 4,000... ఏ రేటు ఎప్పుడు పెరిగిందో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఆ జులైలో పాత మూడు నెలల బకాయితో కలిపి 7,000 చేతికొచ్చిన రోజును ఆవిడ ఇప్పటికీ పండగ కింద లెక్కేస్తారు.

"లెక్కపెట్టు అబ్బాయ్" అని నోట్లు నా చేతిలో పెట్టారు. ఇదిగో, ఇక్కడే.

నేను మూడో నోటు దగ్గరున్నాను. గేటు బయట బళ్ళు ఆగాయి. మా కౌన్సిలర్ గారు, వెనకాల నలుగురైదుగురు. ఆ వెనకాల ఫోన్ పట్టుకున్న ఒక కుర్రాడు. ఈ కుర్రాడి ఉద్యోగమేమిటో ఎవరికీ తెలియదు గానీ వార్డులో ఏ కొబ్బరికాయ పగిలినా ముక్కలు నేల మీద పడేలోపు ఫొటో గ్రూపులో ఉంటుంది.

"ఏం పెద్దాయనా, అందిందా?" అంటూ కౌన్సిలర్ గారు నేరుగా వచ్చి, నా చేతిలో ఉన్న నోట్ల రెండో కొస పట్టుకున్నారు.

ఒక్కసారి నా పరిస్థితి ఆలోచించండి. నోరు విప్పి "నేను కాదండీ" అందామంటే, మీసం మీద రంగు ఇంకా ఆరలేదు. ఇప్పటికే ఒక చుక్క పెదవి మీదకి దిగింది. దాని రుచి ఎలా ఉంటుందో పగవాడికి కూడా చెప్పను. అందుకని పెదాలు బిగించి తల అడ్డంగా ఊపాను. "మొహమాటం దేనికి పెద్దాయనా!" అన్నారు పక్కనున్న వాళ్ళు. పోనీ నోట్లు వదిలేద్దామా అంటే, అవి మామ్మగారివి. ఇంకా అయిదు లెక్కపెట్టాలి. వదిలాక మళ్ళీ ఎనిమిదీ తిరిగొస్తాయన్న భరోసా ఏది? కౌన్సిలర్ గారు తప్పుగా తీసుకోకూడదు, ఆయన్ని అనుమానించి కాదు, గాలి కూడా వేస్తోంది. నేను నా వైపు లాగాను. ఆయన ఫొటో కోసం తన వైపు లాగారు. నవ్వుతూనే లాగారు. నాయకులకి ఆ విద్య ఎక్కడ నేర్పుతారో గానీ, ముఖంలో ఎక్కడా బలం పెట్టినట్టు కనబడదు, చెయ్యి మాత్రం ఉడుంపట్టు. వెనక నుంచి మామ్మగారు "ఒరే, చిరుగుతాయిరా! చిరిగిన నోటు కిరాణా కొట్టువాడు తీసుకోడురా!" అని అరుస్తున్నారు. "మామ్మగారూ, కొంచెం పక్కకి, ఫ్రేములోకి వస్తున్నారు" అన్నాడు ఫోన్ కుర్రాడు.

అవును. పింఛనుదారురాలిని పక్కకి జరగమన్నాడు.

ఆ తర్వాత నన్ను చూసి కాస్త ఆలోచనలో పడ్డాడు. కుడివైపు నల్ల మీసం, ఎడమవైపు తెల్ల మీసం. ఇప్పుడైనా అనుమానం వస్తుందనుకున్నాను. రాలేదు. "పెద్దాయనా, కొంచెం ఇటు తిరగండి, ఈ సైడు బాగుంది" అని తెల్లవైపు తీశాడు. రంగు ఘాటుకి నా కళ్ళు అప్పటికే మండి ధారగా కారుతున్నాయి. కౌన్సిలర్ గారు భుజం తట్టి, "ఊరుకో పెద్దాయనా, మేమున్నాం" అన్నారు.

మా గేటు దాటే లోపే గ్రూపులోకి వచ్చేసింది. 'ఆనందబాష్పాలతో పింఛన్ అందుకుంటున్న వృద్ధుడు.' కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. కాలువ మీద నేను పెట్టిన మెసేజ్‌లకి ఇన్నాళ్ళూ ఒక్క బొమ్మ కూడా రాలేదు.

పెళ్ళిచూపుల సంగతి చెప్పను. పిల్లవాడి మేనమామది మా వార్డేనని మాత్రం చెబుతాను.

సోమవారం మా వీధి చివరింటాయన ఆధార్ జిరాక్సు పట్టుకుని వచ్చారు. అరవై అయిదు దాటినాయన. దరఖాస్తు పెట్టుకుని, కొత్త పింఛన్లు ఎప్పుడిస్తారా అని సచివాలయం చుట్టూ తిరుగుతున్న మనిషి. "మాస్టారూ, మీకెలా వచ్చింది? ఎవరిని పట్టుకున్నారు?" అని అడిగారు. నేను రంగు కథ మొదటి నుంచీ చెప్పాను. ఆయన ఓపిగ్గా అంతా విని, "చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పొద్దులెండి" అని జిరాక్సు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

దాంతో నాకు ఒళ్ళు మండింది. కాలువ దగ్గరికి వెళ్ళి, కుప్పనీ కాలువనీ కలిపి ఫొటో తీసి, 'ఆ ఫొటోలో ఉన్నది పింఛనుదారుడు కాదు, ఈ కాలువ బాధితుడు' అని రాసి అదే గ్రూపులో పెట్టాను. ఈసారి జవాబు రావడానికి నిమిషం కూడా పట్టలేదు. ఫోన్ కుర్రాడే.

'కౌన్సిలర్ గారి గ్రూపులో ఇలాంటి మురికి ఫొటోలు పెట్టరాదు. మీరు పెద్దవారు కాబట్టి ఈసారికి ఊరుకుంటున్నాం.'