డీబీఏని ఎవరిలో కలపాలి?

సాలూరుకీ పొట్టంగికీ మధ్య కొండల్లో కోటియా ఊళ్ళున్నాయి, మొత్తం 21. మావని ఒడిశా, కాదు మావని ఆంధ్ర. 1968లో సుప్రీంకోర్టుకెక్కిన తగువు ఈరోజుకీ తెగలేదు, ఈలోగా అక్కడి జనం చేతుల్లోకి రెండేసి ఓటరు కార్డులు, రెండేసి రేషన్ కార్డులు వచ్చాయి. ఒడిశాలోని రాయగడ, గుణుపురం టీ బడ్డీల దగ్గర ఈ గొడవ వింటూనే పెరిగాం కాబట్టి, కంపెనీ డేటా అంతా దాచే డేటాబేస్‌ని కనిపెట్టుకుని ఉండే డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్, అంటే డీబీఏ, ఏ టీమ్ కిందికి రావాలన్న జటిల సమస్య మీద తీర్పు చెప్పే అర్హత హైదరాబాద్ వాళ్ళకంటే మాకే ఎక్కువని సవినయంగా మనవి.

ఒక్కటే తేడా. కోటియా ఇద్దరికీ కావాలి. డీబీఏ మాత్రం సిస్టమ్ నడుస్తున్నంతసేపూ ఎవరికీ గుర్తుండడు, స్లో అయ్యిందంటే 'మీవాడే కదా' అని ఏ టీమ్‌కి ఆ టీమ్ అవతలివాళ్ళ మీదకి తోసేస్తుంది.

సర్వర్లు చూసుకునే ఇన్‌ఫ్రా టీమ్ కింద పెట్టారనుకోండి, సర్వర్ పడిపోకూడదన్నదే అక్కడి వేదం. ఏదీ మార్చకపోతే ఏదీ పడదు, కాబట్టి మనవాడు అడిగినవాటన్నిటికీ 'కుదరదు' అంటాడు. సరే, డెవలపర్లలో కలుపుదాం. అక్కడేమో శుక్రవారం సాయంత్రం ఆరింటికి "చిన్న మార్పే అన్నా, ఒక్క కాలమ్" అని మొదలవుతుంది. కోట్ల వరుసలున్న టేబుల్ లాకైపోయి, యాప్ కొయ్యబారిపోయాక, మార్పు చేసినవాడు హాయిగా ఇంటికెళ్ళి నిద్రపోతాడు, ఫోన్ మోగేది డీబీఏ తలగడ కింద. పోనీ రిపోర్టుల టీమ్‌కి ఇచ్చేద్దామా? వాళ్ళు పట్టపగలు ప్రొడక్షన్, అంటే జనం వాడుతున్న అసలు డేటాబేస్ మీదే పదేళ్ళ లెక్కలు లాగుతారు, వద్దులెండి.

క్లౌడ్ వచ్చింది, ఇక వీడెందుకు అనే మేధావులూ ఉన్నారు. 2017లో ఒరాకిల్ తనంతట తానే నడిచే డేటాబేస్ అని ప్రకటించినప్పటి నుంచీ మేనేజర్లకి ఈ మాట మహా ఇష్టం. అది ప్యాచ్‌లు వేసుకుంటుంది, బ్యాకప్ తీసుకుంటుంది, నిజమే. ఏ వరుసలు మార్చాలో చెప్పే 'వేర్' షరతు మర్చిపోయి టేబుల్ మొత్తానికీ అప్‌డేట్ కొట్టినవాడి చెయ్యి మాత్రం పట్టుకోదు.

అదే 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ కంపెనీలో ఒక ఇంజనీరు రెండో సర్వర్‌లో డేటా తీసేయబోయి అసలు దాంట్లోనే తుడిచేశాడు, 300 జీబీ దాకా. పేరుకి బ్యాకప్పులు చాలానే ఉన్నాయి, తీరా చూస్తే సమయానికి ఏదీ సరిగ్గా అక్కరకు రాలేదు. ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిపెట్టుకున్న కాపీయే గట్టెక్కించింది. ఆ తర్వాత దాపరికం లేకుండా వాళ్ళే రాసుకున్నారు: బ్యాకప్ పనిచేస్తుందో లేదో పరీక్షించే బాధ్యత ఎవరికీ అప్పజెప్పలేదని. నాకు వాళ్ళ మీద గౌరవం పెరిగింది, మనవాళ్ళైతే ముందు వాచ్‌మన్‌ని అనుమానిస్తారు.

కాబట్టి నా సిఫార్సు, ఆర్గ్ చార్టులో గడి ఎక్కడ గీసుకున్నా గీసుకోండి, బ్యాకప్ తిరిగి ఎక్కించి చూసేది ఎవరో, శుక్రవారం రిలీజుని ఆపే అధికారం ఎవరిదో కాగితం మీద రాయండి. కమిటీ వేస్తామంటారా, వేసుకోండి, మాకు అలవాటే.

గుణుపురంలో ఇంజనీరింగ్ చదివిన మా మేనల్లుడు ఇదే ఉద్యోగంలో ఉన్నాడు. పెళ్ళిలో మా పెదనాన్న "ఎవుల కింద పంజేస్తన్నావురా?" అంటే నీళ్ళు నమిలాడు. ఈ ఏడు అప్రైజల్‌లో టీమ్ స్పిరిట్ తక్కువని వాడికి రేటింగ్ కోసేశారట. ఏ టీమ్ అన్న చోట మాత్రం 'ఇతరములు' అని ఉంది.