మా హాల్లోని మూడడుగుల సముద్రం గారికి

మహారాజశ్రీ సముద్రం గారి సముఖమునకు,

అనంతపురం పాతూరు నుంచి, ఉప్పునీటి చేపల తొట్టి అయిన తమరికి నీళ్లు మోసే మనిషి నమస్కరించి రాసుకునే విన్నపం. ఇక్కడ నా నడుము తప్ప అందరం క్షేమం. తమరి క్షేమం ప్రత్యేకంగా అడగను, మధ్యాహ్నం పన్నెండు నుంచి ఐదు దాకా అదే చూస్తూ కూర్చున్నాను. అమ్మ కెలికిన రాగిసంగటి ముద్ద పళ్లెంలోనే గట్టిపడింది, మటన్ కూర మీద కొవ్వు తెల్లగా పేరుకుంది. ఎక్కడున్నావురా అని స్నేహితుడు ఫోన్ చేస్తే "సముద్రంలో నీళ్లు తోడుతున్నా" అన్నాను. తాగినానేమో అనుకుని పెట్టేశాడు.

ఏప్రిల్ ఎండ, మన ఊరి పొడిగాలి, దానికి తోడు తమరు 26 డిగ్రీల దగ్గర చల్లగా ఉండాలని నేనే పైన బిగించిన ఫ్యాను. నీళ్లను చల్లబరిచే చిల్లర్ యంత్రం కొందామంటే దాని ధర తమరి ధరను మించింది. ఫ్యాను గాలికి నీళ్లు ఆవిరవుతాయి, ఆ ఆవిరితో పాటే వేడీ పోతుంది. మట్టికుండ చేసే పనే. కాకపోతే కుండకు చెంబెడు నీళ్లు చాలు, తమరికి రోజుకు మూడు లీటర్లు. తొమ్మిది రోజులుగా, పొద్దున లేవగానే పళ్లు కూడా తోముకోకముందే, తగ్గినంతా నింపుతూ వచ్చాను. ఉప్పు కలిపిన నీళ్లతో నింపాను. సముద్రం తగ్గితే సముద్రమే పోయాలి కదా! అదీ నా తెలివి.

ఈరోజు ఊరికే ఒక చుక్క తీసి, నీళ్లలో ఉప్పు ఎంతుందో చూపే రిఫ్రాక్టోమీటర్ గాజు మీద వేసి, మూత మూసి, కిటికీ వైపు తిప్పి చూశాను. పైన నీలం, కింద తెలుపు, మధ్యలో గీత. ఆ గీత 35 దగ్గర ఉండాలి, అంటే వెయ్యి పాళ్లలో 35 పాళ్లు ఉప్పు. 41 దగ్గర కూర్చుంది. తుడిచి మళ్లీ చూశాను, 41. పరికరమే చెడిపోయిందని సంతోషపడి, సరిచూసుకోవడానికి ఇచ్చిన ద్రావణం వేసి చూస్తే అది బుద్ధిగా 35 చూపించింది. పరికరం బాగానే ఉంది. ఎర్ర సముద్రంలో ఉప్పు 40 దాకా ఉంటుందని చదివాను. తమరు దాన్నీ దాటేశారు, అభినందనలు.

అప్పుడు అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. సంగతంతా విని ఒకే ప్రశ్న వేసింది.

"చారు మరిగి మరిగి ఇంకిపోతే ఏం పోస్తార్రా? నీళ్లు పోస్తారా, ఉప్పు పోస్తారా?"

నేనేమీ మాట్లాడలేదు.

"ఆవిరి అయ్యేది నీళ్లు. ఉప్పు యాడికి పోతాది? గిన్నెలోనే ఉంటాది కదప్పా."

ఇంజనీరింగ్‌లో నాలుగేళ్లు, దాని తర్వాత మూడు నెలలు రాత్రిళ్లు కూర్చుని చూసిన వీడియోలు, ఇవన్నీ ఒక చారు గిన్నె ముందు బోర్లా పడ్డాయి. లెక్క వేస్తే, తొమ్మిది రోజుల్లో తమరికి దాదాపు కిలో ఉప్పు అదనంగా తినిపించాను. దాన్ని దించాలంటే తమరి 170 లీటర్లలో 24 లీటర్లు తోడి పారేసి, అన్ని మంచినీళ్లు పోయాలి. మొదటి బకెట్‌ను అలవాటు కొద్దీ కరివేపాకు చెట్టు దగ్గరికి మోసుకుపోతుంటే అమ్మ అరిచిన అరుపుకు పక్కింటి వాళ్లు గోడ మీదుగా తొంగి చూశారు. చెట్టు బతికింది.

సముద్రం గారూ, ఉప్పు తప్పు నాది, ఒప్పుకుంటాను. నీళ్ల సంగతి మాత్రం తమరితో తేల్చుకోవాలి.

తమరికి మా బోరు నీళ్లు పనికిరావు. పనికిరావని నాకూ తెలుసు, మా కుళాయి మూతికి పట్టిన తెల్ల పెచ్చును సుత్తితో కొట్టాలి. అయితే మేం తాగే ఆర్‌వో నీళ్లు కూడా తమరికి ఆనవు. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరులో సున్నా చూపించాలి. అందుకని ఆర్‌వో వెనక ఇంకో గొట్టం, అందులో మిగిలిన లవణాలను పట్టుకునే రెసిన్ గింజలు. ఆ యంత్రం ఒక లీటరు శుభ్రమైన నీళ్లు ఇవ్వడానికి మూడు లీటర్లు బయటికి వదులుతుంది. తమరిని మొదటిసారి నింపిన రోజున 500 లీటర్లకు పైగా అలా పోయాయి. అమ్మ ఉన్న బకెట్లు, బిందెలు, పెళ్లికి తెచ్చిన ఇత్తడి గంగాళం అన్నీ వరసగా పెట్టి పట్టింది. వారం రోజులు ఇంట్లో బట్టలు, అంట్లు, బండలు అన్నీ ఆ నీళ్లతోనే. పనామె అడిగింది, "ఏంటికమ్మా, కొళాయి రాదంటనా?" అని. అమ్మ ఏం చెబుతుంది? మా వాడు సముద్రం తయారు చేస్తున్నాడని చెబుతుందా?

దేశంలో వానలు బాగా తక్కువ పడే చోట్లలో మనదొకటని బడిలో ఉన్నప్పటి నుంచీ వింటున్నాం. మా నాయన శెనక్కాయ చేనులో నాలుగు బోర్లు వేయించాడు. మూడింట్లో దుమ్ము లేచింది. నాలుగో దాంట్లో రెండేళ్లు నీళ్లు వచ్చి అదీ ఆగింది. చేను పోయింది, అప్పు మిగిలింది. ఆయన కొడుకు హాల్లో ఏసీ లేకపోయినా పరవాలేదని కూర్చుని, లీటరుకు మూడు లీటర్లు పారబోస్తూ నీకు దాహం తీరుస్తున్నాడు. నువ్వేమో రోజూ మూడు లీటర్లు గాల్లోకి వదులుతావు. నీ అంచుల మీద ఉప్పు పొరలు పొరలుగా కడతావు. సిగ్గుండాలి. నీకు కాదులే, నాకే.

క్షమించాలి, "నువ్వు" అనేశాను. తమరు.

మిగతావి పెద్ద విషయాలు కావు, త్వరగా చెప్పేస్తాను. "ఆదివారం నీళ్లు పోయండి సార్, సోమవారం చేప వేయండి" అన్న షాపతని మాట వినివుంటే ఇప్పటికి ఎన్ని చేపల ప్రాణాలు తీసేవాడినో. తమరి నీళ్లలో పరీక్ష మందు చుక్కలు వేసి, గొట్టం ఊపి, రంగులు పోల్చి చూస్తున్నాను. చేపలకు విషమైన అమ్మోనియాను బ్యాక్టీరియా మార్చేసి నైట్రైట్ దగ్గర ఆగింది. అది అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారేదాకా తమరు ఖాళీనే. ఈ నాలుగు వారాల్లో ఇంటికి వచ్చిన ప్రతి మనిషీ సోఫాలో కూర్చోకముందే "చేపలు యాడప్పా?" అన్నారు. బ్యాక్టీరియాను పెంచుతున్నానంటే, మా చిన్నాన్న డెట్టాల్ ఎంత పడుతుందో లెక్క చెప్పాడు. ఇసుక మీద కాఫీపొడి చల్లినట్టు గోధుమరంగు తెట్టె వచ్చింది, అది రావడం మంచిదేనట. కరెంటు పోయిన ప్రతిసారీ పంపు ఆగి నా గుండె కూడా ఆగుతుంది. ఇక పగడాల మీద ఆశ పెట్టుకోవద్దు, రాతిపగడాలకు 1972 నాటి వన్యప్రాణి చట్టం పులితో సమానంగా మొదటి షెడ్యూల్లో చోటిచ్చింది. నాకు సముద్రం కావాలి గానీ జైలు వద్దు.

రాత్రి పదకొండుకు లైట్లన్నీ ఆర్పి, గీత 35కి వచ్చిందో లేదో చూద్దామని టార్చి వేశాను. వచ్చింది. టార్చి పక్కకు తిప్పేటప్పుడు అద్దం మీద తెల్ల చుక్క ఒకటి కదిలింది. నువ్వుగింజలో సగం కూడా లేదు. ఆగింది, గంతేసింది, మళ్లీ ఆగింది. దాని వెనక ఇంకోటి. ముక్కు అద్దానికి ఆనించి చూస్తే పదిహేను దాకా ఉన్నాయి. కోపిపాడ్లు, రొయ్యలకు దూరపు చుట్టాలైన బుల్లి జీవాలు. బెంగళూరు మిత్రుడు తన తొట్టిలోంచి తీసి తడిగుడ్డలో చుట్టి పంపిన రెండు రాతి ముక్కల్లో దాక్కుని, సముద్రం రాత్రి బస్సు దూరంలో ఉన్న ఊరికి వచ్చి, నా ఉప్పునంతా తట్టుకుని బతికాయి.

అమ్మను లేపాను. కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"చేపపిల్లలా?"

"కాదు మా, పురుగులు."

"పురుగుల కోసరమా ఇంత?" అని వెళ్లి పడుకుంది.

ఇంతవరకు నిన్న రాత్రి రాసింది. పొద్దున లేచి చూస్తే, నేను గుర్తుకు అంటించిన ప్లాస్టర్ ముక్క దాకా నీళ్లు సరిగ్గా నిండి ఉన్నాయి. నేను పోయలేదు. మూలన రెండు క్యాన్లు, ఒకే రంగు, ఒకే సైజు. ఒకటి ఉప్పుది, ఒకటి మంచిది. దేని మీదా ఏమీ రాయలేదు. నా ప్రాణం లేచిపోయింది.

"అమ్మా, ఏ క్యాన్లో నీళ్లు పోసినావు?"

వంటింట్లో తిరగమోత చప్పుడు ఆగింది.

"నాకు నాలుక లేదా ఏంది? రుచి చూసే పోసినా."

ఇట్లు,
తమరి నీళ్ల మనిషి
(ఇవాళ్టి నుంచి అసిస్టెంటు)