మన స్టేజీ మీద ఆ చైనా వేషం

ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం ఉగాది సభలో కుర్రాళ్ళు వేసిన స్కిట్ అందరూ చూసిందే కాబట్టి కథ మళ్ళీ చెప్పను. చైనా హోటల్ ఓనరు వేషం, వేళ్ళతో కళ్ళు సాగదీయడం, పాము వేపుడు జోకు. హాలంతా ఒకటే నవ్వు. నా పక్కన కూర్చున్న మా పక్కింటి పెద్దావిడ మాత్రం నవ్వలేదు. ఆవిడను సభకు పిలిచింది నేనే. తెలుగు రాకపోయినా ఆ వేళ్ళు దేనికో ఆవిడకు తెలుసు. పులిహోర కూడా ముట్టకుండా, మోకాలు నొప్పిగా ఉందంటూ వెళ్ళిపోయారు.

ఆవిడది చైనాలో గ్వాంగ్‌డాంగ్‌లోని తైషాన్. 1882లో చైనా కూలీలు రాకుండా అమెరికా చట్టం చేసింది. 1906 భూకంపంలో శాన్‌ఫ్రాన్సిస్కో రికార్డులు తగలబడ్డాక, ఇక్కడే పుట్టిన పౌరులమని చెప్పుకున్న చైనావాళ్ళు, లేని కొడుకులను కాగితం మీద పుట్టించి, ఇక్కడికి రావాలనుకున్నవాళ్ళకు ఆ కాగితాలు అమ్ముకున్నారు. ఆవిడ తాతగారు అలా కొనుక్కున్న ఇంటిపేరుతోనే దిగారు. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర, వలస వచ్చేవాళ్ళను ఆపే దీవి ఏంజెల్ ఐలాండ్‌లో విచారణ: ఊరిబావి ఏ దిక్కున, ఇంటికి మెట్లెన్ని, పక్కింట్లో ఎవరుంటారు. ఎవరిదో ఊరు బట్టీపట్టి అప్పజెప్పాలి. తేడా వస్తే తిరుగు ఓడ ఎక్కాల్సిందే.

కిందటేడు ఏప్రిల్‌లో చింగ్‌మింగ్‌కి, అంటే చైనావాళ్ళు పెద్దల సమాధులు శుభ్రం చేసి నైవేద్యం పెట్టే పండక్కి, నన్ను శాన్‌ఫ్రాన్సిస్కో పక్కనున్న కోల్మా శ్మశానానికి తీసుకెళ్ళారు. తాతగారి సమాధి రాయి మీద ఇంగ్లీషులో కొన్న ఇంటిపేరు, చైనా అక్షరాల్లో అసలుది. రాయి తుడిచి, ఉడికించిన కోడి, నారింజలు, చిన్న గిన్నెల్లో మద్యం పెట్టి, కాగితం డబ్బు కాల్చారు. ఆ తర్వాత కోడిని అందరికీ పంచారు (శాకాహారులు ఈ వాక్యం దాటేయండి). తద్దినం రోజు కాకి కోసం పెరట్లో నిలబడే మా నాన్న గుర్తొచ్చారు నాకు.

ఊరి మీద నాకు పెద్దగా బెంగ లేదు. అయినా ఆవిడ పెరట్లో బూడిద గుమ్మడి చూస్తే కాలు కదలదు. ఆవిడ దాంతో ఎండు రొయ్యలు వేసి సూప్ చేస్తారు. మా అమ్మయితే ముక్కలకు ఉప్పు పట్టించి, మూటగట్టి, రాత్రంతా రుబ్బురోలు పొత్రం కింద పెట్టేది. తెల్లారి మినప్పిండిలో కలిపి మేడ మీద వడియాలు. కాపలా నేనే. పాము వేపుడుకు నవ్విన మనవాళ్ళ సూట్‌కేసుల్లో ఎండు రొయ్యలు ఎన్ని పొట్లాలు వస్తాయో నన్నడక్కండి.

కుర్రాళ్ళు చెడ్డవాళ్ళు కారు. మన కూరల వాసన మీద చైనావాళ్ళూ జోకులేసుకుంటారట, ఆవిడే చెప్పారు. ప్రతి నవ్వుకూ తూకం వేస్తే స్కిట్లే ఉండవనే వాదనా నాకు తెలుసు. కానీ వాళ్ళకు మూసిన తలుపు 1917లో మనకూ మూశారు. 1943లో ఏడాదికి 105 మంది చైనావాళ్ళకు, 1946లో 100 మంది భారతీయులకు కాస్త తెరిచారు. దేశాలవారీ కోటాలు తీసేసిన 1965 చట్టం వచ్చాకే కదా మనం ఇన్ని సంఘాలు పెట్టుకుని, ఇన్నిసార్లు చీలిపోగలిగింది!

దసరా స్కిట్లకు త్వరలో మెయిల్ వస్తుంది. ఈసారి స్క్రిప్టులు కల్చరల్ కమిటీ ముందే చదవాలి. ఆ వేషం మళ్ళీ వద్దు, దయచేసి. అధ్యక్షులవారు ఆవిడకు ఒక్క ఫోన్ చేసి, దసరాకు సంఘం తరఫున పిలవాలి. నేను పిలిస్తే ఇక రారు. నంబరు ఇస్తాను. సాయంత్రం ఆరు దాటాక చేయండి, పగలు ఫోన్ ఎత్తరు.