డబ్బాలో నిద్ర

మా అబ్బాయి కంపెనీ వాళ్లకి ఉద్యోగుల నిద్ర మీద బెంగ పట్టుకుంది. ఎంత మంచి మనసు! బెంగ ముదిరి ఇంటింటికీ ఒక డబ్బా పంపారు. 50 గ్రాముల హోజిచా, అంటే జపాన్ వాళ్ల వేయించిన టీ. పడుకోబోయే ముందు పుచ్చుకుంటే మనసు నెమ్మదిస్తుందట.

డబ్బాలో ఒక అట్టముక్క కూడా ఉంది. వ్రతకల్పమంత శ్రద్ధగా చదివాను. లైట్లు తగ్గించవలెను. ఫోను పక్కగదిలో ఉంచవలెను. కప్పు రెండు చేతులా పట్టుకుని ఆకుకు కృతజ్ఞత తెలుపవలెను. అక్షింతల ఊసు లేదు, అచ్చుతప్పయి ఉంటుంది.

ఇంతకీ ఆ ఆకు ఏమిటి? 1920లలో క్యోటో టీ వర్తకులు మిగిలిపోయిన ముదురాకునీ కాడల్నీ పారేయలేక బొగ్గుల మీద వేయించారట. చేదు విరిగింది, కమ్మటి వాసన పుట్టింది. ఇప్పటికీ అక్కడ కొట్టు ముందు వేయిస్తుంటే ఆ వాసన వీధిలో పోయేవాళ్లని ఆపేస్తుంది. సలసల కాగే నీళ్లు పోసి అర నిమిషం ఆగితే చాలు. పిల్లలకీ ముసలివాళ్లకీ పోస్తారు, భోజనం మీద తాగుతారు. మన ఇళ్లల్లో మజ్జిగ లాగన్నమాట. మజ్జిగ గ్లాసుకి మీరెప్పుడైనా కృతజ్ఞత చెప్పారా?

పైగా 'కెఫీన్ శూన్యం' అట. జపాన్ ప్రభుత్వ ఆహార పట్టిక ప్రకారం హోజిచాలో 100 మిల్లీలీటర్లకి 20 మిల్లీగ్రాములుంది, సెంచా గ్రీన్ టీలోనూ అంతే, కాఫీలో 60. కంపెనీ దయతో పంపిన మగ్గులో 400 మిల్లీలీటర్లు పడతాయి. లెక్క మీరే కట్టుకోండి.

ఆ రాత్రి పదింపావుకి కార్యక్రమం మొదలైంది. లైట్లు తగ్గించాం. మా ఆవిడ "కరెంటు పోయిందా ఏమండీ?" అంటూ వచ్చింది. ఫోను పక్కగదికి పోయింది. మావాడు నీళ్లు పోశాడు, నేను గడియారం చూస్తూ లెక్కపెడుతున్నాను. పదిహేను, పదహారు... పదిహేడో సెకనుకి పక్కగదిలో ఫోను మోగింది.

ఎవరనుకున్నారు? నిద్ర మీద బెంగ పెట్టుకున్నవాళ్లే. "పది నిమిషాల కాల్" అన్నారు. ఒంటిగంటకి కూడా తలుపు సందులోంచి వెలుతురు వస్తూనే ఉంది. బల్ల మీద మగ్గు చల్లారిపోయింది, టీ నల్లగా కషాయమైంది.

ఏమయ్యా, వాడికి నిద్ర రావడం లేదని మీతో ఎవరు చెప్పారు? కూర్చున్నచోటే కునుకుతున్నాడు! పెళ్లివిందులో విస్తరి ముందు ఒరిగిపోయాడు. ముప్పై ఏళ్లకే కళ్ల కింద నల్లచారలు. నిద్ర పోనివ్వనిది మీరు. వాడి రాత్రి లాక్కుని, చేతిలో కాడలు పెడతారా? సిగ్గుండాలి.

పొద్దున్నే మెయిలొచ్చింది. 'హోజిచాతో మీ ప్రశాంత నిద్ర ఎలా ఉంది?' పద్దెనిమిది ప్రశ్నలు. నింపడానికి గడువు ఈ రాత్రి 11:59.